పెండ్లికి ముందు పది దినాలు: సూరత్‌లో ఒక తెలుగు ఇంటి సన్నాహాలు

తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి సమీపాన వెలసిన సూరత్ నగరం మొగలుల కాలంనాటికే పేరుమోసిన రేవుపట్టణం. నేడది మరమగ్గాలకు, కృత్రిమ పట్టు వస్త్రాలకు, వజ్రాల సానపట్టు పనికి ప్రసిద్ధి చెందింది. ఆ మగ్గాల చప్పుడును వెదుక్కుంటూ తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, కొన్ని తరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో వారి నివాసాలు అధికం. నగర ప్రాథమిక విద్యా సమితి నడిపే పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే, ఆ స్థిరనివాసం ఎంత గట్టిదో ఊహించవచ్చు.

ఉధ్నాకు పడమరగా, భటార్, భీమ్రాడ్, వేసు ప్రాంతాల నడుమ ఆల్థాన్ ఉన్నది. ఒకప్పటి పల్లె నేడు ఎత్తైన నివాసభవనాల పేటగా మారింది. నగరపాలక సంస్థ కట్టించిన సామూహిక భవనం ఒకటి ఇక్కడ ఉన్నది. పెండ్లిండ్లకు అద్దెకిచ్చే ఆ భవనమే 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు రోగులను ఉంచే కేంద్రంగా ఉపయోగపడింది. ఇట్టి పేటలో ఒక తెలుగు కుటుంబం తమ కుమార్తెకు వివాహం తలపెట్టిందనుకుందాం. వరుని ఇల్లు కరీంనగర్ జిల్లాలో. బంధువులలో సగంమంది అక్కడ, సగంమంది ఇక్కడ. ఇరుగుపొరుగు గుజరాతీలు, మరాఠీలు, ఉత్తరప్రదేశ్ వారు, ఒడియావారు. సొంత ఊరిలోనైతే పెండ్లికి ముందు పది దినాలు ఊరంతా తలా ఒక పని అందుకుంటుంది. కుమ్మరికి కబురు పంపనక్కరలేదు, చాకలికి చెప్పనక్కరలేదు, మేళగాండ్రకు తేదీ తెలిసే ఉంటుంది. వలస వచ్చిన ఇంట ఆ తెలిసి ఉండడం అనేది లేదు. ప్రతి పనినీ ఎవరో ఒకరు గుర్తుంచుకొని, ఎవరో ఒకరికి అప్పగించి, జరిగిందో లేదో చూచుకోవలసి ఉంటుంది. ఆ ఎవరో ఒకరు సాధారణంగా పెండ్లికూతురి తల్లి అవుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పది దినాలలో చేయవలసిన పనులు లెక్కకు మించినవిగా కనబడినా, వాటిని విడదీయవలసిన గీత ఒకటే. చివరి దినాన పొరపాటు జరిగితే సరిదిద్దుకోగలిగినవి కొన్ని, సరిదిద్దుకోలేనివి కొన్ని. పూలు చాలకపోతే తెప్పించవచ్చు. వాడిన మామిడాకుల తోరణం ఎవరి కాపురానికీ అడ్డురాదు. ముహూర్తపు గడియ, బంధువుల ప్రయాణం, వంటశాల శుభ్రత, వధూవరుల పత్రాలు మాత్రం అట్టివి కావు. అయినా మన ఇండ్లలో అలంకరణకు దొరికినంత శ్రద్ధ వీటికి దొరకడం అరుదు.

పంచాంగం సంగతి

ముందుగా ముహూర్తం. ఇక్కడ తెలుగువారికి, గుజరాతీలకు ఒక చక్కని పోలిక ఉన్నది. ఉభయులూ అమావాస్యతో నెలను ముగించేవారే. మనం శుద్ధం, బహుళం అన్నదానిని వారు సుద్, వద్ అంటారు. అందువల్ల మన శుభలేఖలో వైశాఖ బహుళ పంచమి అని ఉంటే గుజరాతీ పొరుగువాడు తన పంచాంగంలోనూ వైశాఖ వద్ పాంచమ్ అనే చూచుకుంటాడు. అదే పేటలోని ఉత్తరప్రదేశ్ కుటుంబానికి మాత్రం ఆ దినం జ్యేష్ఠమాసంలోకి వస్తుంది. పూర్ణిమతో నెల ముగించే లెక్క వారిది. సంవత్సరారంభంలో మాత్రం మనకూ గుజరాతీలకూ పొత్తు కుదరదు. మన ఉగాది చైత్రంలో, వారి బెస్తు వరస్ దీపావళి మరునాడు, కార్తీక శుద్ధ పాడ్యమినాడు. ఇన్ని లెక్కల మధ్య ఆంగ్ల తేదీ, వారం, గంట స్పష్టంగా అచ్చువేయించడమే క్షేమం.

పెండ్లిండ్ల కాలంలో ఇంకొక భేదం ఉన్నది. అది తెలుగువారికి లాభించేదే. ఆషాఢ శుద్ధ ఏకాదశినుండి కార్తీక శుద్ధ ఏకాదశి వరకు, అనగా చాతుర్మాస్యంలో, గుజరాతీలు సాధారణంగా వివాహాలు చేయరు. కార్తీకంలో తులసీ వివాహం జరిగిన పిమ్మటనే వారి పెండ్లిండ్లు మొదలవుతాయి. తెలుగువారికి ఆషాఢం, భాద్రపదం మాత్రమే వర్జ్యాలు. నడుమనున్న శ్రావణం మంచి ముహూర్తాల మాసం. కనుక మండపాలు, వంటవారు, అలంకరణవారు తీరికగా ఉండే దినాలలో సూరత్ తెలుగువారు పెండ్లి జరుపుకొనే వీలున్నది. ధనుర్మాసాన్ని ఉభయులూ వదలిపెడతారు. గుజరాతీలు దానిని కమూర్తా అంటారు. సంక్రాంతి దాటగానే అందరూ ఒక్కసారిగా మండపాల మీద పడతారు. ఆ రోజులలో పెండ్లి తలపెట్టినవారికి పది దినాల ముందు వంటవాడు దొరకడం కల్ల.

శ్రావణానికీ ఒక గండం లేకపోలేదు. 2006 ఆగస్టులో ఉకాయీ జలాశయంనుండి విడుదలైన నీటితో తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగింది. మన పంచాంగం ప్రకారం అవి శ్రావణమాసపు దినాలే. వర్షాకాలపు పెండ్లికి ఆరుబయట పందిరిని నమ్ముకోరాదనీ, సామగ్రిని నేలమాళిగలో పెట్టరాదనీ పాతకాపులు చెప్పే మాటకు ఆ అనుభవమే ఆధారం.

ముహూర్తం విషయంలో ఎక్కువమంది గమనించని అంశం ఒకటున్నది. లగ్నం స్థలాన్నిబట్టి మారుతుంది. సూరత్ సుమారు 72.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, కరీంనగర్ సుమారు 79.1 డిగ్రీల మీద ఉన్నవి. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, కరీంనగర్‌లో ఉదయించిన లగ్నం గడియారం ప్రకారం సూరత్‌లో దాదాపు 25 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తుంది. అక్షాంశ భేదంవల్ల మరికొంత తేడా ఉండవచ్చు. ఊరిలోని పురోహితుడు తన ఊరి పంచాంగం చూచి గంట, నిమిషాలతో సహా వ్రాసి ఇచ్చిన లగ్నపత్రికను సూరత్ మండపంలో అక్షరాలా పాటిస్తే, జీలకర్రబెల్లం వేరొక లగ్నంలో పెట్టినట్లు కావచ్చు. ముహూర్తాలపై విశ్వాసం ఉన్నవారు పురోహితునితో ముందే చెప్పి, సూరత్‌కు గణింపజేసుకోవాలి. విశ్వాసం లేనివారికి ఈ బాధ లేదు. అయితే వారింట కూడా ముహూర్తాన్ని ప్రశ్నించే పెద్దమ్మ ఒకరు తప్పక ఉంటారు.

రైలు, బంధువులు

కరీంనగర్, వరంగల్ వైపునుండి సూరత్‌కు వచ్చేవారికి చిరకాలంగా తెలిసిన బండి చెన్నై, అహమ్మదాబాదుల నడుమ నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. వరంగల్, రామగుండం, బల్లార్షా, అకోలా, భుసావల్, జల్‌గాంవ్, నందుర్‌బార్ మీదుగా వచ్చే ఈ బండి తాపీ లోయ వెంట సూరత్ చేరుతుంది. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 దినాల ముందు మాత్రమే ఆరంభమవుతున్నది. అంతకుముందు 120 దినాల గడువు ఉండేది. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి చోటు దొరకదు. కనుక నలభైమంది బంధువులంటే ఏడు టికెట్లు. ఏడుచోట్ల పేర్లు, వయస్సులు. ఈ పని పెండ్లికి ముందు పది దినాలది కాదు, రెండు నెలల ముందుది. చివరి పది దినాలలో చేయవలసింది ఎవరికి బెర్తు దొరికింది, ఎవరు నిరీక్షణ జాబితాలో మిగిలారు అన్నది ఒక కాగితం మీద వ్రాసి, మిగిలినవారికి వేరు దారి చూడడం. పురోహితుడు, మేనమామ, పుస్తెలు తెచ్చే మనిషి, ఈ ముగ్గురి ప్రయాణం సందేహాస్పదంగా ఉండకూడదు. వీరు ముహూర్తం నాటి ఉదయపు బండిలో దిగేట్లు ఏర్పాటు చేసుకోవడం దుస్సాహసం. ఒక దినం ముందుగా రావడంవల్ల అయ్యే ఖర్చు ముగ్గురి భోజనం మాత్రమే.

ఊరినుండి రావలసినవి, ఇక్కడ దొరికేవి అని సామగ్రిని ముందుగానే విడదీయడం మంచిది. పుస్తెమెట్టెలు, మధుపర్కాలు, బాసికాలు, వంశాచారాన్నిబట్టి కావలసిన ఒకటి రెండు వస్తువులు తప్ప తక్కినవన్నీ సూరత్ బజారులో దొరుకుతాయి. పసుపుకొమ్ములు, తమలపాకులు, కొబ్బరికాయలు, కంద మొక్కలు మోసుకొని రైలులో తెచ్చే ప్రయాస అనవసరం. ఐరేని కుండల విషయమే చూడండి. తెలంగాణ వివాహాలలో కుమ్మరి ఇంటినుండి మేళతాళాలతో తెచ్చే ఈ కుండలకు సున్నం, జాజు పూసి ముగ్గులు తీర్చి పూజిస్తారు. గుజరాతీ వివాహమండపంలో కూడా నాలుగు మూలల రంగులద్దిన మట్టికుండలను ఒకదానిపై ఒకటి పేర్చి నిలుపుతారు. దానిని చోరీ అంటారు. కనుక పెండ్లి కుండ అంటే సూరత్ కుమ్మరికి వివరించి చెప్పనక్కరలేదు. మన కొలత, మన సంఖ్య చెబితే చాలును. అయితే ఆరడానికి, రంగులు వేయడానికి వ్యవధి కావాలి గనుక వారం ముందే చెప్పాలి.

పసుపు దంచిన నాటినుండి

తెలంగాణలో లగ్గం పనులు కోట్నంతో ఆరంభమవుతాయి. ముత్తైదువలు రోలు రోకళ్లకు పసుపు కుంకుమలు పెట్టి, పాటలు పాడుతూ పసుపుకొమ్ములు దంచుతారు. కోస్తా జిల్లాలలో దీనినే పసుపు దంచడం అంటారు. పిదప ఇంటి ఆచారం ప్రకారం పోచమ్మకు బోనం, పెండ్లికూతురిని చేయడం, నలుగు, మైలపోలు వరుసగా వస్తాయి. ఆల్థాన్ వంటి పేటలో, ఎనిమిదో అంతస్తు వాటాలో, రోలు ఎక్కడ పెట్టాలి అన్నది హాస్యానికి అనే మాట కాదు. క్రింది వాటా వారికి ముందుగా ఒక మాట చెప్పి, భవనంలోని ఉమ్మడి స్థలాన్ని నిర్వాహకులనుండి అడిగి తీసుకొంటే పని సాఫీగా సాగిపోతుంది. ఉమ్మడి స్థలానికి అనుమతి కావాలన్నదీ, అది ఒకే దినాన ఇద్దరికి దొరకదన్నదీ చివరిదాకా తోచకపోవడం మామూలు.

పొరుగు గుజరాతీ స్త్రీలకు ఈ వేడుక కొత్తగా తోచదు. వారింట పెండ్లికి ముందు గణేశ స్థాపన, మండప ముహూర్తం, పీఠీ జరుగుతాయి. పీఠీ అంటే వధూవరులకు పసుపు, చందనం కలిపి పూసే నలుగే. స్త్రీలు గుమికూడి పెండ్లిపాటలు పాడుకొనే సాంఝీ మన కోట్నపు పాటలకు అక్కచెల్లెలు. మేనమామ ప్రాధాన్యం రెండుచోట్లా ఒకటే. గుజరాతీ మేనమామ మామేరుగా చీరలు, నగలు తెస్తాడు. పెండ్లికూతురిని మండపానికి నడిపించుకొని వచ్చేదీ ఆయనే. ఆయన పెట్టే పానేతర్ అనే చీర తెల్లనిది, ఎర్రని అంచుతో ఉంటుంది. తెల్లని నేతకు ఎర్రని అంచు గల మన మధుపర్కాలను దాని ప్రక్కన పెట్టి చూచిన నేతకారునికి ఏ ఆలోచన కలుగుతుందో చెప్పనక్కరలేదు. వధూవరుల నడుమ పట్టే తెర మనకు అడ్డుతెర, వారికి అంతర్‌పట్.

ఈ సామ్యాలు ముచ్చటకు మాత్రమే కాక పనికి కూడా ఉపయోగపడతాయి. పొరుగింటి బెన్‌కు పీఠీ అని ఒక్క మాట చెబితే నలుగుకు ఏయే గిన్నెలు కావాలో, ఏ చాప పరచాలో, పసుపు నీళ్లు గోడలకు అంటకుండా ఏమి కట్టాలో ఆమె తానే చూచుకొంటుంది. బంధువులు రాకముందు గడిచే మొదటి అయిదారు దినాలలో ఇటువంటి సహాయమే ఇంటిని నిలబెడుతుంది. దానిని అడగడానికి మొగమాటపడడం వలస కుటుంబాల బలహీనత.

తల్లి చేతి సంచీ

పెండ్లి ఇంట చివరి మూడు దినాలు గమనించండి. ప్రతి ప్రశ్నా ఒక్కరి దగ్గరికే వస్తుంది. బీరువా తాళం ఎక్కడ? పాలవాడికి ఎంత ఇవ్వాలి? వరునివారి విడిదికి దుప్పట్లు పంపారా? పురోహితునికి కాఫీ ఇచ్చారా? పెండ్లికూతురి తల్లి చేతి సంచీలో డబ్బు, తాళాలు, చీటీలు, మందులు అన్నీ ఉంటాయి. ఆ సంచీ కనబడకపోయినా, ఆమెకు జ్వరం వచ్చినా పెండ్లి ఆగినంత పని అవుతుంది. తలంబ్రాల వేళకు ఆమె కూర్చుని చూడగలగడం కూడా అరుదే. ఇది ఆమె సమర్థతకు నిదర్శనంగా చెప్పుకొంటారు. ఈ వ్యాసకర్తకు మాత్రం అది ఇంటివారి అలసత్వానికి నిదర్శనంగా కనిపిస్తుంది.

దీనికి మార్గం పనిని ముక్కలు చేయడం కాదు, అధికారాన్ని పంచడం. పని అప్పగించి డబ్బు, నిర్ణయం తన వద్దనే ఉంచుకొంటే అప్పగించినట్లు కాదు. వంటశాలను పినతండ్రికి అప్పగించినప్పుడు వంటకు నిర్ణయించిన డబ్బు ఆయన చేతికే ఇవ్వాలి. పెరుగు చాలకపోతే తెప్పించే నిర్ణయం ఆయనదే కావాలి. రైలు దిగేవారిని తీసుకొని రావడం కళాశాలలో చదివే అన్నదమ్ములది. వారి దగ్గర బండ్ల వేళలు, వచ్చేవారి పేర్లు, విడిది చిరునామా గుజరాతీలో వ్రాసిన చీటీ ఉండాలి. ఊరినుండి దిగిన ముసలివారు ఆటో నడిపేవానికి చూపడానికి అదే ఆధారం. పూజాసామగ్రిని ఒక మేనత్త చూచుకొంటుంది. పుస్తెలు, పత్రాలు, నగలు ఒక్కరి వద్ద. ఆ వ్యక్తికి ఇంక ఏ పనీ చెప్పకూడదు. ఈ చివరి నియమాన్ని పాటించేవారు తక్కువ. నగల పెట్టె కాపలా ఉన్న మనిషినే ఐసు తెమ్మని పంపుతారు.

ఒక నోటుపుస్తకం చాలు. ఎడమ పుటలో పని, కుడి పుటలో చేసేవారి పేరు, ఏ దినానికి కావాలి, ముట్టిన డబ్బు. ప్రతి రాత్రి భోజనాల తరువాత పావుగంటసేపు పనివారందరూ కూర్చుని దానిని చదివితే, మరునాడు ఉదయం తల్లిని ఎవరూ ప్రశ్నించనక్కరలేదు. చిన్న కవర్లలో విడివిడిగా దక్షిణలు, కానుకలు, కూలి డబ్బు పెట్టి పైన పేరు వ్రాసి ఉంచడం కూడా ముందు రాత్రి పనే. ముహూర్తపు వేళ అయిదువందల నోటుకు చిల్లర వెదకడం ఎంత ఇబ్బందో పెండ్లి చేసిన వారెవరైనా చెప్పగలరు.

వంటశాల

వంట లెక్కలు వంటవానికి తెలుసునని వదలివేయడం వాడుక. స్థూలంగా కిలో బియ్యానికి ఎనిమిదిమంది చొప్పున వేసుకొంటే మూడువందలమందికి 37, 38 కిలోలు కావాలి. అయితే సూరత్‌లో అతిథుల స్వభావం ఈ లెక్కను మారుస్తుంది. గుజరాతీ అతిథులు రొట్టె, పూరీ, కూర, మిఠాయిలతో భోజనం సాగించి, చివరికి కొద్దిగా దాల్‌భాత్ తింటారు. మనవారికి అన్నమే భోజనం. వచ్చేవారిలో ఎవరెంతమందో తెలిస్తే బియ్యం, గోధుమపిండి లెక్క సరిపోతుంది. అతిథులలో జైనులుంటే ఉల్లి, వెల్లుల్లి, దుంపకూరలు లేని వంటకాలు కొన్ని విడిగా, విడి గరిటెలతో ఉండాలి. గోంగూర పచ్చడి పాత్ర ముందు మాత్రం కారం సంగతి ఒక మాట చెప్పేవారిని నిలబెట్టడం అవసరం.

అసలు ప్రమాదం పరిమాణంలో కాక వ్యవధిలో ఉన్నది. వండిన ఆహారం వేడిగా, 60 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకుండా ఉండాలి. మామూలు వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పెండ్లిలో ముహూర్తం ఆలస్యమైతే భోజనాలూ ఆలస్యమవుతాయి. తెల్లవారుజామున వండిన పప్పు, పాలతో చేసిన తీపి మధ్యాహ్నం మూడు గంటలదాకా మూతలక్రింద ఉంటే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. తీపి పదార్థాలలో పాలవాటికి బదులు బూందీ లడ్డు, మైసూరుపాకు వంటివి ఎన్నుకోవడం, అన్నాన్ని రెండు విడతలుగా వండించడం తేలికైన జాగ్రత్తలు. ఇంటి వాడుకకు ఇచ్చే 14.2 కిలోల గ్యాసు సిలిండర్లను పెండ్లి వంటకు వాడరాదు. వాణిజ్య వాడుకకు వేరుగా 19 కిలోల సిలిండర్లు ఉన్నవి. వాటికి ముందుగా చెప్పుకోవాలి.

ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. విస్తరాకులకు మంచి దినాలు వచ్చాయనుకోవచ్చు. పారిశుద్ధ్యం విషయంలో సూరత్‌కు ఒక చరిత్ర ఉన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది ఈ నగరాన్ని విడిచి వెళ్లారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలంలో నగరం శుభ్రతకు పేరుపొందింది. ఎంగిలి ఆకులు, పూలు, కాగితాలు వేర్వేరుగా వేయడానికి తొట్లు పెట్టించి, ఒక మనిషిని నియమించడం కూడా నోటుపుస్తకంలో ఉండవలసిన పనే.

రాత్రి ముహూర్తాలు గలవారు మరొక నిబంధన గుర్తుంచుకోవాలి. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. సన్నాయి, డోలు మూసిన మండపంలో చాలును. తలంబ్రాలకు లౌడ్‌స్పీకరు లేకపోయినా సందడి తగ్గదు.

పత్రాలు, చదివింపులు

అన్నిటికంటె తక్కువ వేళ పట్టేదీ, అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచేదీ కాగితాల పని. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సీమా వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో అన్ని మతాలవారి వివాహాలూ తప్పనిసరిగా నమోదు కావాలని రాష్ట్రాలను ఆదేశించింది. గుజరాత్ అదే సంవత్సరం వివాహాల నమోదు చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే అట్టి చట్టం వచ్చింది. వివాహం ఎక్కడ జరిగితే నమోదు అక్కడ. ఆల్థాన్ మండపంలో జరిగిన పెండ్లిని కరీంనగర్‌లో నమోదు చేయించుకోవచ్చునని అనుకొని ఊరికి వెళ్లిన దంపతులు తిరిగి సూరత్ రావలసి వస్తుంది. భర్త పనిచేసే చోట రేషను కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, రేపు ఏదైనా కష్టం వస్తే భరణం, వారసత్వం, వీటన్నిటికీ భార్య చేతిలో మొట్టమొదటి ఆధారం ఆ ధ్రువపత్రమే. పుట్టింటికి 900 కిలోమీటర్లకు పైబడిన దూరంలో కాపురం చేయబోయే ఆడపిల్లకు దాని విలువ మరింత ఎక్కువ.

ఇక్కడ పేర్ల చిక్కు ఒకటి ఎదురవుతుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. గుజరాతీ పద్ధతిలో సొంతపేరు, తండ్రిపేరు, ఇంటిపేరు కలిపి వ్రాస్తారు. సూరత్ బడిలో చదివిన తెలుగు పిల్ల పేరు పాఠశాల పత్రంలో ఒక తీరుగా, ఊరిలో తీసుకొన్న జనన పత్రంలో వేరొక తీరుగా, ఆధార్ కార్డులో మూడో తీరుగా ఉండడం సాధారణం. పెండ్లి తరువాత తండ్రిపేరు స్థానంలో భర్తపేరు చేర్చడం గుజరాత్ వాడుక. మనకు అట్టి వాడుక లేదు. ఏ రూపంలో పేరు వ్రాయించుకోవాలో పెండ్లికూతురు తానే నిర్ణయించుకొని, ఫారంలో, శుభలేఖలో ఒకే రూపం ఉండేట్లు చూచుకొంటే తరువాతి తిరుగుడు తప్పుతుంది. సవరణలకు వారాలు పడతాయి గనుక పది దినాల ముందు పత్రాలు తెరచి చూడడమే ఆలస్యం.

వయస్సు రుజువు కూడా ఈ పత్రాలలోనిదే. వధువుకు 18, వరునికి 21 నిండి ఉండాలని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం చెబుతున్నది. మండపానికి అడ్వాన్సు ఇచ్చే ముందు చూడవలసిన కాగితం ఇది. చివరి దినాలలో బయటపడితే బంధువుల మాట, డబ్బు నష్టం అన్నీ ఒకవైపు లాగుతాయి, పిల్ల ఒక్కతే ఒకవైపు మిగులుతుంది.

చదివింపుల పుస్తకం మన ఆచారంలోనే ఉన్నది. ఎవరు ఎంత చదివించారో ఒకరు పైకి చదువుతుండగా మరొకరు వ్రాస్తారు. గుజరాతీలు చాంద్లో వ్రాసుకొనే తీరూ ఇంచుమించు ఇదే. అయితే మన పుస్తకం తిరిగి పెట్టవలసిన అప్పును గుర్తుంచుకోవడానికి ఉద్దేశించినది. చట్టం కోరేది వేరు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం క్రింద 1985లో చేసిన నియమాల ప్రకారం వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు, వరునికి వచ్చిన వాటి జాబితా వరుడు ఉంచుకోవాలి. ప్రతి వస్తువుకు క్లుప్త వివరణ, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం వ్రాయాలి. క్రింద వధూవరులిద్దరూ సంతకం చేయాలి. అడిగి పుచ్చుకొన్న కట్నం ఏ జాబితాలో వ్రాసినా నేరమే, ఇవ్వడమూ నేరమే. వియ్యాలవారి ఎదుట ఈ జాబితా వ్రాయడం మర్యాద కాదని పెద్దలు జంకుతారు. చదివింపులు గొంతెత్తి చదివినప్పుడు లేని సంకోచం దీనికి ఎందుకో అర్థం కాదు. అందమైన చేతివ్రాత గల ఇద్దరు విద్యార్థులను ఈ పనికి కూర్చోబెడితే, రెండు ప్రతులు అదే సాయంత్రానికి సిద్ధమవుతాయి.

నమోదు ఫారంపై వధూవరులతోపాటు సాక్షులు, పెండ్లి చేయించిన పురోహితుడు సంతకం చేయవలసి ఉంటుంది. గుజరాత్ చట్టంలో దీనికి పెండ్లినాటినుండి 30 దినాల గడువు. సూరత్‌లో నివసించే పురోహితుడైతే ఎప్పుడైనా వెళ్లి అడగవచ్చు. ఊరినుండి వచ్చినవాడైతే అప్పగింతలు పూర్తి కాకముందే తిరుగు బండి వేళ అడుగుతాడు. ఫారాన్ని వారం ముందే తెచ్చి, పేర్లు నింపి, పత్రాల నకళ్లు జతచేసి, పుస్తెలు భద్రపరచిన మనిషి వద్దనే ఉంచాలి. మంగళసూత్రధారణ అయి, తలంబ్రాలు ముగిసి, దక్షిణ తాంబూలం ఇచ్చే వేళ ఆ ఫారం, ఒక కలం పళ్లెంలో పెట్టి పురోహితుని ముందుంచితే, ఆయన సంతకం చేసిన తరువాతనే స్టేషనుకు బయలుదేరుతాడు.